మూలప్రతి ఎవరి చేతిలో ఉన్నది?

కనుమనాడు మొసలపల్లి శివారున జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రులు కొలువుదీరు వేళ, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారముల ప్రభలను భుజములకెత్తుకొన్నవారు శరభ నినాదములు చేయుచు పచ్చని వరిచేలకు అడ్డముగా నడచి, కౌశిక నదిలోనికి దిగి, ప్రభ ఒరిగిపోకుండ ఆవలి గట్టునకు చేర్చు దృశ్యమును చూడవచ్చిన జనములో నేడు చేయెత్తి ఫోను పట్టనివారు అరుదు. 2023 గణతంత్ర దినోత్సవమున ఢిల్లీ కర్తవ్యపథమున ఆంధ్రప్రదేశ్ శకటముగా నడచినది ఈ ప్రభల తీర్థమే కావున, దీని ఖ్యాతి కోనసీమ పొలిమేరలు దాటి చాలకాలమైనది. అయితే ఇన్ని వేల యంత్రములు పట్టుకొన్న ఈ దృశ్యము పదియేండ్ల తరువాత ఏ రూపమున మిగులును అని అడుగువారు మాత్రము అంతగా కనబడరు. ఫోనునుండి ఫోనునకు పంపబడి, పంపిన ప్రతిసారి కొంత అరిగి, తుదకు ప్రభ ఏదో జనమేదో తెలియని ఒక మసక ముద్దగా అది మిగిలినచో, తీసినవాని శ్రమయు, మోసినవాని భక్తియు రెండును వృథాయే కదా!

నా అభిప్రాయమును ముందుగనే చెప్పుచున్నాను. కెమెరానుండి వెలువడిన మూలప్రతిని తాకకుండ భద్రపరచి, పంచుకొనుటకు వేరొక చిన్న ప్రతిని చేయించుకొనుట ప్రతి గృహస్థునకు, ప్రతి ఉత్సవ సంఘమునకు కర్తవ్యము. వీడియోలో ఎంత నాణ్యత నిలుపవలెను, ఎంత వదలివేయవలెను అను నిర్ణయము మన ఇంటి జ్ఞాపకమునకు సంబంధించినది; దానిని ఎడిటింగ్ గదిలోని తొందరకో, వాట్సాప్‌వంటి సాధనమునకో అప్పగించి ఊరకుండుట తగదు. ఇందుకు సాంకేతిక పాండిత్యము అక్కరలేదు గాని, వీడియో ఫైలులో జరుగుచున్నదేమో స్థూలముగానైనను తెలిసియుండవలెను.

ఫుల్ హెచ్‌డీ అని మనము పిలుచు చిత్రములో అడ్డముగా 1920, నిలువుగా 1080, అనగా ఇరువది లక్షలకు పైగా చుక్కలుండును. ఒక్కొక్క చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వన్నెలకు మూడు బైట్లు చొప్పున, సెకనుకు 25 చిత్రముల వంతున లెక్కకట్టినచో సెకనుకు 155 ఎంబీ, గంటకు దాదాపు 560 జీబీ అగును. మానవ నేత్రము వెలుగునీడల భేదమును పట్టినంత సూక్ష్మముగా రంగుల భేదమును పట్టజాలదు గనుక, నాలుగేసి చుక్కలకు కలిపి ఒకే వర్ణసమాచారమును ఉంచు పద్ధతిచేత ఈ భారము మొదటనే సగమునకు దిగును. అప్పటికిని గంటకు 280 జీబీ! ఆ గంట దృశ్యమే సెకనుకు 5 మెగాబిట్ల చొప్పున మన ఇంటి టీవీకి చేరునపుడు దాని పరిమాణము రెండుంబావు జీబీ మాత్రమే. నూటికి తొంబదితొమ్మిది పాళ్లకు పైగా తొలగింపబడినను మనము తృప్తిగా చూచుచున్నామనిన, ఆ తొలగించు విద్య సామాన్యమైనది కాదు.

తొలగినదంతయు నష్టము కాదు. పెండ్లిపందిరి వెనుక నున్న గోడ ఒక చిత్రమునందును, దాని తరువాతి చిత్రమునందును ఒక్కటియే. దానిని మరల మరల వ్రాసికొనుట దండుగ. ప్రభ ఎడమనుండి కుడికి జరిగినచో, ప్రభనంతను తిరిగి చిత్రింపక, ఇదివరకటి ముక్కలు ఇంత దూరము జరిగినవని గుర్తుంచుకొనిన చాలును. ఇట్లు పునరుక్తిని తొలగించిన పిమ్మట మిగిలిన దానిని చిన్న చిన్న చతురస్రములుగా విభజించి, ఒక్కొక్క చతురస్రములోని వెలుగునీడల మార్పులను స్థూలములు, సూక్ష్మములు అని వేరుపరచి, కన్ను గమనింపని సూక్ష్మములను సవరించుకొని స్థూలములను నిలుపుకొనుట తరువాతి దశ. ఈ వేరుపరచు గణితమును డిస్‌క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ అందురు. దీనిని 1974లో లోకమునకు తెలిపిన పరిశోధనా పత్రముపై ముగ్గురి పేర్లున్నవి: బెంగుళూరులో జన్మించిన నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, ఇంటిపేరు వినగనే తెలుగువారు గుర్తుపట్టగల కామిశెట్టి రామమోహనరావు. కె.ఆర్. రావుగా ప్రసిద్ధుడైన ఈ ఆచార్యుడు దీర్ఘకాలము టెక్సస్ విశ్వవిద్యాలయపు ఆర్లింగ్టన్ శాఖలో బోధించి 2021లో కీర్తిశేషుడయ్యెను. మన ఫోనులోని జేపెగ్ ఛాయాచిత్రము మొదలుకొని వీసీడీ, డీవీడీ, నేటి ఇంటర్నెట్ వీడియో వరకు ఈ గణితమో, దీనినుండి పుట్టిన రూపాంతరమో పనిచేయుచున్నది. రావు పేరు మన పాఠ్యపుస్తకములలో పిల్లలకు తెలియవలసినంతగా తెలియలేదని నా మనవి.

నిజమైన నష్టము కలుగునది ఆ తరువాతి మెట్టున. ఫైలు ఇంతకు మించరాదని మనము పట్టుపట్టినపుడు, కుదించు సాధనమగు ఎన్‌కోడర్ సూక్ష్మములను మరింత మొరటుగా సవరించును, కొన్నింటిని పూర్తిగా త్రోసివేయును. అట్లు పోయినది మరల రాదు. ఏ దృశ్యమునకు ఎంత పోవునన్నది దృశ్య స్వభావమును బట్టి యుండును. కదలని తెరముందు కూర్చుండి మాటలాడు ఉపన్యాసకుని కుదించుట సులభము. గాలికి ఊగు కొబ్బరిమట్టలు, కాలువనీటిపై చెదరు ఎండ, వరిచేను మీది అలలు, వానచినుకులు — వీనిలో ప్రతి చుక్కయు ప్రతి క్షణము మారుచుండును గనుక, వీనిని కుదించుట ఎన్‌కోడర్‌కు కడు కష్టము. కోనసీమలో కెమెరాను ఏ దిక్కునకు త్రిప్పినను కనబడునవి ఇవియే! హైదరాబాదులో ఒక హాలు లోపల తీసిన వేడుకకు చాలిన బిట్‌రేటు, అనగా సెకనుకు దక్కు బిట్ల లెక్క, అమలాపురము ప్రక్కన కాలువగట్టున తీసిన వేడుకకు చాలకపోవుట ఈ కారణముననే.

తలంబ్రాల ఘట్టమునే పరికింపుడు. అంతవరకు మంత్రములు వినుచు కదలక కూర్చున్న వధూవరులు ఒక్కసారిగా దోసిళ్లెత్తుదురు. వందలకొలది పసుపు బియ్యపుగింజలు గాలిలోనికి లేచి, ఒక్కొక్కటి ఒక్కొక్క దారిని పడును. పట్టుచీర జరీ మీద వీడియోలైటు తళుక్కుమనును. వెనుక బంధువులు లేచి నిలుతురు. బిట్‌రేటు చాలని ఫైలులో ఆ క్షణమును నిలిపి చూచినచో గింజలు గింజలుగా కనబడవు. పెండ్లికూతురి ముఖముమీద పసుపు మరకలవంటి చదరములు పరచుకొని, ఆమె నవ్వినదో, కన్నులు మూసికొన్నదో తెలియకుండును. మరుక్షణము బియ్యము నేలపడి అందరును కుదుటబడగానే చిత్రము మరల స్పష్టమగును. ఏ క్షణముకొరకు వీడియో తీయించితిమో ఆ క్షణమే చెడినదన్నమాట. భోగిమంటను తీసినచో మరియొక విధమైన లోపము బయటపడును. ఇంకను తెల్లవారని ఆకాశము నలుపునుండి నీలమునకు క్రమముగా మారుటకు బదులు మెట్లు మెట్లుగా విరిగి కనబడును. సామాన్యమైన 8 బిట్ల వీడియోలో ఒక్కొక్క వన్నెకు 256 ఛాయలే యుండుటయు, వానిని సైతము ఎన్‌కోడర్ పొదుపుకొరకు కలిపివేయుటయు దీనికి హేతువు. 10 బిట్ల వీడియోలో 1024 ఛాయలుండును గనుక ఈ మెట్లు చాలవరకు సమసిపోవును.

ఫైలు పేరు చివర కనబడు ఎంపీ4, ఎంకేవీ, ఏవీఐ, ఎంఓవీ అను అక్షరములను చూచి నాణ్యతను నిర్ణయించుట మనవారిలో బలముగా నాటుకొన్న పొరపాటు. ఆ అక్షరములు కంటైనరును, అనగా దృశ్యమును, శబ్దమును, ఉపశీర్షికలను ఒక్కచోట కూర్చి యుంచు అమరికను మాత్రమే తెలుపును. లోపలి దృశ్యము ఏ పద్ధతిలో కుదింపబడినదో తెలుపునది కోడెక్. 2003లో వచ్చిన హెచ్.264 నేటికిని దాదాపు ప్రతి టీవీలోను, ప్రతి ఫోనులోను ఆడును. 2013లో ప్రమాణమైన హెచ్.265 అదే నాణ్యతను చాల తక్కువ పరిమాణములో ఇయ్యగలదు గాని, పాత టీవీలు దానిని చదువజాలవు. 2018లో వెలువడిన ఏవీ1 రాయల్టీల బాధ లేకుండ రూపొందినది. ఒకే ఎంపీ4 పేరుగల రెండు ఫైళ్లలో ఒకటి మన ఇంటి టీవీలో ఆడి, రెండవది శబ్దము మాత్రము వినిపించి నల్లని తెరను చూపుట ఇందువలననే. అట్టి సమయమున దుకాణమునకు పరుగెత్తి ఫైలును ‘మార్పించుట’ మన అలవాటు. కంటైనరు మాత్రమే చిక్కు పెట్టుచున్నదైనచో, ఎఫ్ఎఫ్ఎంపెగ్ వంటి ఉచిత సాధనముతో దృశ్యమును మరల ఎన్‌కోడ్ చేయక యథాతథముగా వేరు కంటైనరులోనికి దింపవచ్చును. నిమిషములలో ముగియు పని. ఒక్క చుక్కయు చెడదు. ఈ భేదము ఎరుగని కారణముచేత ఎన్ని మంచి ఫైళ్లు అనవసరముగా మరల కుదింపబడి చెడినవో!

ఇక పెన్‌డ్రైవు సంగతి. మన ప్రాంతమున పెండ్లి వీడియో నేడు ఎక్కువగా పెన్‌డ్రైవులో చేతికందుచున్నది. ఆ పెన్‌డ్రైవు ఫ్యాట్32 పద్ధతిలో సిద్ధపరచబడినదైనచో 4 జీబీకి మించిన ఫైలును స్వీకరింపదు. పాత టీవీలు ఆ పద్ధతినే చదువును గనుక దుకాణదారులు దానినే వాడుదురు. మూడు గంటల వివాహము 4 జీబీలో ఇమడవలెననిన సెకనుకు 3 మెగాబిట్లు కూడ దక్కవు. అందులో తలంబ్రాలు రావలెను, ఊరేగింపు రావలెను, అప్పగింతలు రావలెను. పెన్‌డ్రైవులో ఇంకను అరువది జీబీల చోటు ఖాళీగా పడియుండగనే, ఒక పాత పద్ధతి విధించిన హద్దుచేత ఆ ఇంటి శుభకార్యము మసకబారుచున్నది. ఫైలును మూడు భాగములుగా విడగొట్టినను, పెన్‌డ్రైవును ఎక్స్‌ఫ్యాట్ పద్ధతికి మార్చినను తీరిపోవు చిక్కు ఇది. అడుగువారుండిన చాలును.

నాణ్యతను ఎట్లు అడుగవలెను? ‘ఇన్ని జీబీలలో ఇయ్యుడు’ అని అడుగుట సరియైన పద్ధతి కాదు. పరిమాణమును ముందుగా బిగించినచో కష్టమైన ఘట్టమున నాణ్యత కృంగిపోవును. ‘ఇంత నాణ్యత నిలుపుడు, పరిమాణము ఎంతైన కానిండు’ అని అడుగుట సరియైనది. దీనికి ఎన్‌కోడర్లలో ఏర్పాటు కలదు. హెచ్.264కు విస్తారముగా వాడబడు ఎక్స్264లో సీఆర్ఎఫ్ అను కొలత 0 నుండి 51 వరకు నడచును. సంఖ్య తగ్గిన కొలది నాణ్యత హెచ్చును. ఏమియు చెప్పనిచో అది 23 వద్ద నిలుచును. 18 వద్ద చేసిన ప్రతికిని మూలమునకును భేదము సామాన్య నేత్రమునకు దాదాపు తెలియదు. సంఖ్యను ఆరు పెంచినచో పరిమాణము రమారమి సగమగును. ఈ పద్ధతిలో పురోహితుడు మంత్రము చెప్పుచుండగా ఫైలు పొదుపుగా నడచి, తలంబ్రాల వేళకు కావలసినంత ధారాళముగా ఖర్చుపెట్టును. ఇంటిలో దాచుకొను చక్కని ప్రతికి 18, టీవీలో చూచుకొనుటకు 20 లేక 21 కోరుట సమంజసమని నా తలంపు. హెచ్.265కు వాడు ఎక్స్265లో ఇదే సంఖ్యకు అర్థము వేరు, అక్కడ మామూలు మెట్టు 28. కావున ఒకదాని సంఖ్యతో రెండవదానిని పోల్చరాదు. ఎన్‌కోడర్‌ను నిదానమైన ప్రీసెట్‌లో, అనగా వేగము తగ్గించిన అమరికలో, నడిపినచో దాదాపు అదే నాణ్యతకు ఫైలు మరికొంత చిన్నదగును. రాత్రి కంప్యూటరును పనిలో పెట్టి నిద్రించువానికి ఆ ఆలస్యము లెక్కలోనిది కాదు.

అయితే ఎంత నేర్పుగా చేసినను కుదించిన ప్రతినుండి మరల కుదించిన ప్రతి దానికంటె హీనమే. పూర్వము తాళపత్రములను చూచి వ్రాయు లేఖకుడు ఎంత శ్రద్ధాళువైనను ఒక అక్షరము జారుటయు, ఆ ప్రతిని చూచి వ్రాసినవాడు ఆ తప్పునకు తనదొకటి చేర్చుటయు మన పండితులు ఎరిగినదే. అందుచేతనే పరిష్కర్తలు ప్రాచీనతమమైన ప్రతికొరకు ఊరూర వెదకిరి. వీడియోకును అదే న్యాయము. వాట్సాప్‌లో వీడియో పంపుటకు చాలకాలము 16 ఎంబీల పరిమితి యుండెను. మూడు నిమిషముల దృశ్యము అందులో ఇమడవలెననిన సెకనుకు ముప్పాతిక మెగాబిటు కంటె తక్కువయే దక్కును. కువైటులోనో, మస్కట్టులోనో పనిచేయుచు చెల్లెలి పెండ్లికి రాలేకపోయిన అన్నకు ఆ రాత్రియే ఆ చిన్న ప్రతి చేరుట గొప్ప ఉపకారము. రాజోలు, పి.గన్నవరము ప్రాంతములలో ఇట్టి ఇండ్లు తక్కువ కాదు. కావున కుదించుటను నేను నిందింపను. ఆ చిన్న ప్రతి చేరినది గదా అని పెద్దదానిని చెరిపివేయుటను మాత్రము నిందించుచున్నాను. అదే వాట్సాప్‌లో వీడియోను డాక్యుమెంటుగా పంపినచో కుదింపు లేక యథాతథముగా చేరును. 2022 నుండి 2 జీబీ వరకు అట్లు పంపు వీలు కలదు. ఎరిగినవారు ఎరుగనివారికి ఈ ఒక్క మాట చెప్పినను ఎన్నో దృశ్యములు దక్కును.

వీడియో తీయు వృత్తివారి కష్టమును కూడ తలపవలెను. మాఘమాసపు ముహూర్తములలో ఒకే రాత్రి రెండు మూడు పెండ్లిండ్లు ఒప్పుకొన్నవాడు, ఉదయమున కార్డులు ఖాళీ చేసికొననిదే సాయంకాలము పనికి పోలేడు. సెకనుకు 50 మెగాబిట్ల చొప్పున తీసిన గంట దృశ్యము 22 జీబీలకు పైబడును. రెండు కెమెరాలు, పది గంటల వేడుక అనిన నాలుగు వందల జీబీలు దాటును. సంవత్సరమునకు వచ్చు పెండ్లిండ్లన్నింటిని అతడు సొంత ఖర్చుతో ఎన్నాళ్లు దాచగలడు? దాచుమనుట న్యాయము కాదు. బాధ్యత మనది. ఒక టెరాబైటు డిస్కు వెల నేటి పెండ్లి భోజనములలో ఒక పంక్తి వెలకు మించదు. ఆ డిస్కును ముందుగనే కొని అతని చేతికిచ్చి, ఎడిట్ చేసిన వీడియోతో బాటు కెమెరా ఫైళ్లను కూడ యథాతథముగా అందులో వేసి ఇయ్యవలెనని బయానా ఇచ్చునాడే మాటాడుకొనిన, ఇరువురికిని చిక్కు లేదు. రాతలో పెట్టుకొనిన మరియు మంచిది.

కుటుంబముల సంగతి ఇట్లుండగా, ఊరుమ్మడి దృశ్యముల సంగతి మరింత శోచనీయము. జగ్గన్నతోట తీర్థము, అంతర్వేది లక్ష్మీనరసింహుని కల్యాణము, గరగల నృత్యము, వీరనాట్యము, అగ్రహారములలో వేదము చెప్పు వృద్ధుల స్వరము — ఇవి ఏ ఒక్క ఇంటివి కావు గనుక ఎవ్వరును దాచరు. అంతర్వేదిలోని పాత రథము 2020 సెప్టెంబరులో దగ్ధమైనది. కొత్త రథము 2021 ఆరంభముననే సిద్ధమైనది. కాని పాతదాని చెక్కపని, అది వీథిలో తిరుగునపుడు జనము దానిని లాగిన తీరు ఎట్టివో చూడగోరువానికి నాటి వీడియోలే దిక్కు. తెలుగులో తొలి టాకీయగు భక్త ప్రహ్లాద 1932లో విడుదలైనది. నేడు దాని ప్రతి ఒక్కటియు లేదు. ఆ చిత్రము పోవుటకు రసాయనముల దోషమో, అజాగ్రత్తయో కారణమని చెప్పుకొనవచ్చును. ఇన్ని సాధనములుండి నేటి దృశ్యములు పోయినచో ఏ కారణము చెప్పుకొందుము? దేవాలయ ఉత్సవ సంఘములు తీయించు వీడియోల మూలప్రతులను గ్రామములవారీగా, సంవత్సరములవారీగా సేకరించి, ఒక ప్రతిని అమలాపురములోని ఒక గ్రంథాలయమునందును, మరియొకదానిని గోదావరికి ఆవల రాజమహేంద్రవరములోనో, కాకినాడలోనో ఉంచు ఏర్పాటును ప్రభుత్వము చేయవలెను. 2022లో ప్రత్యేక జిల్లాగా ఏర్పడిన కోనసీమకు ఇది తలకు మించిన ఖర్చు కాదు. రెండు చోట్ల ఎందుకని 1986 ఆగస్టు వరదను చూచిన లంకవాసులను గాని, 1996 నవంబరు తుపాను రాత్రి ఇంటికప్పు ఎగిరిపోయినవారిని గాని అడుగుడు. శాశ్వతముగా ఉంచదగిన ప్రతులకు ఎఫ్ఎఫ్‌వీ1 అను కోడెక్ కలదు. అది ఒక్క చుక్కనైనను మార్పక కుదించును, అందరికి ఉచితము, భాండాగారములు నమ్మి వాడుచున్నవి.

అన్నింటికంటె తొందరపడవలసినది పాత వీహెచ్ఎస్ క్యాసెట్ల విషయమున. ఎనుబదులలో, తొంబదులలో మన ఇండ్లలో జరిగిన శుభకార్యములు వానిలోనే యున్నవి. ఈ సముద్రపు గాలి తేమకు వాని టేపుమీద తెల్లని బూజు పట్టును. బూజు పట్టిన టేపును శుభ్రపరచక ఆడించినచో టేపును, యంత్రమును రెండును చెడును. ఆడించు యంత్రములును కొత్తవి రావు. కడపటివరకు వానిని తయారుచేసిన జపాను సంస్థ ఫునాయి 2016 జులైలో ఆ పని మానుకొన్నది. చాల ఇండ్లవారు ఆ క్యాసెట్లను వెనుకనే వీసీడీలలోనికి మార్పించి, పని అయిపోయినదనుకొని అసలును పారవేసిరి. వీసీడీ చిత్రము 352 అడ్డము, 288 నిలువు చుక్కలు మాత్రమే, నేటి హెచ్‌డీలో ఇరువదియవ వంతు. దృశ్యమునకు దక్కునది సెకనుకు 1.15 మెగాబిట్లు. అసలు క్యాసెట్ ఇంకను అలమరలో నున్నవారు అదృష్టవంతులు, వెంటనే మరల మార్పించుకొనవలెను. మార్పించునపుడు దుకాణములో చెప్పవలసిన మాటలు కొన్ని కలవు: 720 అడ్డము, 576 నిలువు చుక్కల అసలు కొలతనే నిలుపుమనవలెను, ఒక్కొక్క చిత్రమును రెండు సగములుగా చూపు ఫీల్డులను కలుపక ఉన్నదున్నట్లు పట్టుమనవలెను, గంటకు 13 జీబీలు తీసికొను డీవీ పద్ధతిలోనో, నష్టము లేని కోడెక్‌లోనో ఇమ్మనవలెను. ‘4కే చేసి ఇత్తుము’ అనువారి మాట వినినను, దానిని అదనపు ప్రతిగా మాత్రమే తీసికొనవలెను. యంత్రము తన ఊహతో దిద్దిన ముఖము మన నాయనమ్మ ముఖము కాదు.

ఫైలు చేతికి వచ్చిన వెంటనే చేయవలసిన పని ఇంకొకటి యున్నది. ఆ పందిరిలో నడుము వంచి వడ్డించుచున్నవాడెవరు, అరుగుమీద చుట్ట కాల్చుచున్న పెద్దమనిషి ఏ ఊరివాడు, ఏ వరుస అని చెప్పగలవారు ఇంటికి ఒకరో ఇద్దరో మిగిలియున్నారు. వారిని టీవీముందు కూర్చుండబెట్టి, అడిగి, వారు చెప్పిన పేర్లను, ఊళ్లను, ఏ నిమిషమున ఎవరు కనబడుదురో ఆ వివరమును ఒక కాగితముమీద వ్రాసి, ఆ కాగితమునకు ఫొటో తీసి, వీడియో ఉన్న డిస్కులోనే వేయవలెను. ఫైలు పేరులో సంవత్సరము, ఊరు, సందర్భము ఉండవలెను.